రిలీజ్ అంతా నా లాప్‌టాప్‌లోనే ఉంది, కాన్పుకు వెళ్ళేదెట్టా?

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. చీమకుర్తి, గుండ్లాపల్లి వైపు గ్రానైట్ యార్డులకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఐదుగురి ఆఫీసులో ఆమె పనిచేస్తున్నారు. యజమాని వరసకు బాబాయి. కోడు పైథాన్‌లో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. సర్వర్ ఉబుంటు, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. రిపో, అంటే కోడు తన చరిత్రతో సహా ఉండే నిల్వ, గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో, ప్రైవేటుగా ఉంది. కొత్త వెర్షన్ ఎక్కించాలంటే ఆమె విండోస్ లాప్‌టాప్ నుంచే ఫైళ్ళు సర్వర్‌కు కాపీ చేసి, నాలుగైదు కమాండ్లు కొట్టాలి. ఆ కమాండ్లు ఇంకెవరికీ తెలియవు.

నిరుడు గిట్‌హబ్ యాక్షన్స్‌లో పైప్‌లైన్, అంటే కోడు పంపగానే టెస్టులు దానంతటవే నడిచే ఏర్పాటు, పెట్టి చూశారట. నెట్‌లో దొరికిన ఫైలు తెచ్చి పెట్టారు. మూడు పైథాన్ వెర్షన్లు, లైనక్స్, విండోస్ రెండింటి మీదా టెస్టులు నడిచేవి. ఎప్పుడు చూసినా ఎర్ర గుర్తే, అందరికీ మెయిళ్ళు. నెల సగంలోనే ఉచిత నిమిషాలు అయిపోయాయి. ఆఫీసులో అందరూ అన్న అని పిలిచే సీనియర్ "నా మెషీన్లో నడుస్తా ఉంది, నీ పైప్‌లైన్‌కేంది రోగం?" అని నవ్వి దాన్ని ఆపించేశారు.

ఇప్పుడు ఆమెకు ఆరో నెల. తొమ్మిదో నెల రాగానే కావలిలో పుట్టింటికి వెళతారు. బాబాయి ఏమో "లాప్‌టాప్ తీసుకుపో అమ్మా, రెండు కమాండ్లు కొట్టడమేగా" అంటున్నారు. ఆమె అడిగినవి మూడు: ఈ మూడు నెలల్లో మళ్ళీ పైప్‌లైన్ మొదలుపెట్టడం తెలివైన పనేనా? గిట్‌హబ్ మెషీన్లు వాడాలా, ఆఫీసులో మూలనున్న పాత కంప్యూటర్ వాడాలా? అన్నను ఒప్పించేదెట్టా?

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయాయి. టెస్టులు తక్కువ, ఉన్నవి నమ్మకంగా నడవవు అన్నది ఒకటి. రిలీజ్ ఒక మనిషి దగ్గర, ఒక మెషీన్లో చిక్కుకుపోయింది అన్నది రెండోది. నిరుడు మీరు మొదటిదాన్ని పట్టుకున్నారు. కాన్పు నాటికి తీరాల్సింది రెండోది. టెస్టులు పదే ఉన్నా రిలీజ్ మీ లాప్‌టాప్ దాటి బయటికి రావచ్చు. టెస్టులు వెయ్యి రాసినా, ఎక్కించే కమాండ్లు మీ తలలోనే ఉంటే ఫోను మోగుతూనే ఉంటుంది.

ముందు లాప్‌టాప్ సంగతి. తీసుకువెళితే ఏమవుతుందో మీకూ తెలుసు: బిల్లు తప్పుగా వస్తోందని యార్డు నుంచి ఫోను వచ్చిన రోజు మీరు ఆసుపత్రిలో ఉండొచ్చు. ఆఫీసులో వదిలి వెళితే పని నడుస్తుంది, కానీ మీ పాస్‌వర్డు, మీ సర్వర్ కీ ఇంకొకరి చేతికి పోతాయి. ఏదైనా చెడితే అది చేసింది మీరేనని లాగ్‌లో ఉంటుంది. పైప్‌లైన్ లేకుండా కమాండ్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మూడు రిలీజులు వాళ్ళ చేత చేయించడం ఇంకో దారి. దీన్ని చిన్నచూపు చూడకండి. ఏమీ కుదరకపోతే కనీసం ఇది చేసి వెళ్ళండి. లోపం ఒక్కటే, కాగితం పాతబడుతుంది. మీరు వెళ్ళిన మూడో నెలలో ఎవరో ఒక కొత్త లైబ్రరీ చేరుస్తారు, కాగితంలో అది ఉండదు.

పైప్‌లైన్ మంచిదే, మూడు నెలలు చాలు. కానీ నిరుటి ఫైలును మళ్ళీ తెరవకండి. అది ఎందుకు చెడిందో లెక్క చూడండి. ఒక్కో పరుగుకు సుమారు ఆరు నిమిషాలు పట్టిందని రాశారు. మూడు వెర్షన్లు, లైనక్స్ మీద 18 నిమిషాలు. విండోస్ మీద ఇంకో 18. గిట్‌హబ్ అప్పట్లో విండోస్ నిమిషాన్ని రెండుగా లెక్కించేది, కాబట్టి అవి 36. మొత్తం ఒక్క పుష్‌కు, అంటే కోడు గిట్‌హబ్‌కు ఒకసారి పంపినందుకు, 54 నిమిషాలు. ఉచిత ప్లాన్‌లో ప్రైవేటు రిపోలకు నెలకు 2000 నిమిషాలు. అంటే 37 పుష్‌లతో కోటా సరి. ఆ ఫైలు పది రకాల మెషీన్ల మీద నడవాల్సిన లైబ్రరీలు రాసేవాళ్ళ కోసం తయారైంది. మీ సర్వర్ ఒకటే, దాని మీద పైథాన్ వెర్షన్ ఒకటే. పైప్‌లైన్‌లోనూ అదొక్కటే చాలు. ఒకే జాబ్, నాలుగు నిమిషాలు, రోజుకు 15 పుష్‌లు, నెలకు 25 పనిదినాలు అనుకున్నా 1500 నిమిషాలే అవుతుంది.

ఇక పని వరస. మొదటి వారం గిట్‌హబ్ జోలికే పోవద్దు. మీ లాప్‌టాప్‌లో ఉండి రిపోలో లేనివేమిటో తేల్చండి. ఊహించి రాసే జాబితా ఎప్పుడూ సగమే. డాకర్‌లో (లాప్‌టాప్ లోపలే ఖాళీ లైనక్స్ పెట్టె ఇచ్చే సాధనం) పైథాన్ స్లిమ్ ఇమేజ్ ఒకటి, సర్వర్‌లో ఉన్న వెర్షన్‌దే తీసుకుని, అందులో రిపోను కొత్తగా క్లోన్ చేసి, అక్కడినుంచి టెస్టులు నడిపి, ఒక బిల్లు పీడీఎఫ్ ముద్రించి చూడండి. ఎక్కడ ఆగితే అది జాబితాలోకి. మీలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా బయటపడేవి చెబుతాను. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో వెర్షన్ నంబర్లు లేని లైబ్రరీలు. ఎన్విరాన్‌మెంట్ ఫైలులో మాత్రమే ఉన్న సెట్టింగులు. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీకి కావాల్సిన సిస్టమ్ ప్యాకేజీలు. తెలుగు ఫాంట్లు కూడా, ఇది చాలామంది మరిచిపోయేది. మీ విండోస్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. ఖాళీ లైనక్స్ మెషీన్లో ఉండదు. టెస్టు పచ్చగానే వస్తుంది, బిల్లు మీద పార్టీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో ఫాంట్ల ప్యాకేజీని ఇన్‌స్టాల్ జాబితాలో చేర్చండి, ఫాంటు పేరు స్టైల్ ఫైలులో స్పష్టంగా రాయండి.

రెండో పని, ఒక్క స్క్రిప్టు. చెక్ అని పేరు పెట్టి రిపో మూలంలోనే ఉంచండి. అది మూడు పనులు చేయాలి: కోడ్‌లో తేలిక తప్పులు పట్టే లింటర్‌ను నడపడం, జాంగో మేక్‌మైగ్రేషన్స్ కమాండును చెక్ ఆప్షన్‌తో నడిపి, మోడల్ మార్చి మైగ్రేషన్ (డేటాబేస్ పట్టికలను దానికి తగ్గట్టు మార్చే ఫైలు) మరిచినవాళ్ళను పట్టుకోవడం, టెస్టులు నడపడం. పైప్‌లైన్ ఫైలు ఈ స్క్రిప్టును పిలవాలి, అంతే. తెలివంతా యామల్ పద్ధతిలో రాసే ఆ పైప్‌లైన్ ఫైలులో పెడితే, అది గిట్‌హబ్ మెషీన్ మీద తప్ప ఇంకెక్కడా నడవదు. చిన్న దిద్దుబాటుకు కూడా కమిట్ చేసి, పుష్ చేసి, నాలుగు నిమిషాలు ఎదురుచూడాలి. స్క్రిప్టులో ఉంటే అన్న తన మెషీన్లోనే నడిపి చూసుకుంటారు. రేపు గిట్‌హబ్ వదిలి గిట్‌ల్యాబ్‌కు పోయినా మారేది ఇరవై లైన్లే. ఆ స్క్రిప్టు విండోస్ మెషీన్లో రాస్తారు కాబట్టి రెండు జాగ్రత్తలు. లైను చివరలు విండోస్ పద్ధతిలో పోతే లైనక్స్ దాన్ని నడపదు, గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో షెల్ స్క్రిప్టులకు ఎల్‌ఎఫ్ (లైనక్స్ లైను చివర) అని కట్టివేయండి. నడిపే అనుమతి కూడా విండోస్ నుంచి రాదు, "పర్మిషన్ డినైడ్" అని ఆగుతుంది. గిట్ అప్‌డేట్ ఇండెక్స్ కమాండుతో ఆ అనుమతిని ఒకసారి ఇస్తే చాలు.

అప్పుడు వర్క్‌ఫ్లో ఫైలు. కోడు చెకౌట్, పైథాన్ సెటప్, పిప్ కాష్, ఇన్‌స్టాల్, చెక్ స్క్రిప్టు. పక్కన పోస్ట్‌గ్రెస్ సర్వీస్ కంటైనర్, సర్వర్‌లో ఉన్న పెద్ద వెర్షన్ నంబరుతోనే. డేటాబేస్ లేచిందో లేదో చెప్పే పీజీ ఈజ్ రెడీ కమాండుతో దానికి హెల్త్ చెక్ పెట్టండి. లేకపోతే డేటాబేస్ లేవకముందే టెస్టులు మొదలై, ఒక్కోసారి ఎర్ర, ఒక్కోసారి పచ్చ వస్తుంది. టైమౌట్ పది నిమిషాలని రాయండి. రాయకపోతే మామూలు హద్దు 360 నిమిషాలు, ఎక్కడో ఇరుక్కున్న ఒక్క టెస్టు ఆరు గంటల కోటా తినేస్తుంది. అదే బ్రాంచికి కొత్త పుష్ వస్తే పాత పరుగు రద్దయ్యేలా కన్‌కరెన్సీ సెట్టింగ్ పెట్టండి. డిప్లాయ్ (సర్వర్‌కు ఎక్కించే) వర్క్‌ఫ్లోకు మాత్రం ఆ రద్దు పెట్టకండి, సగంలో ఆగిన డిప్లాయ్ కంటే ఆలస్యమైన డిప్లాయ్ నయం. యామల్‌లో ట్యాబ్‌లు చెల్లవు, ఖాళీలే. పైథాన్ వెర్షన్‌ను కోట్స్‌లో పెట్టండి. కోట్స్ లేని 3.10ని యామల్ సంఖ్య అనుకుని 3.1 చేస్తుంది.

ఇక్కడ మీకు కావాల్సింది ఎర్ర గుర్తుకు అర్థం ఉండటం. అన్న నవ్వింది అందుకే, అందులో న్యాయం ఉంది. రోజూ అబద్ధం చెప్పే గుర్తును ఎవరూ నమ్మరు. మీ టెస్టులు లాప్‌టాప్‌లో పాసై అక్కడ పోవడానికి మీ ఉత్తరంలోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మీరు లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడుతున్నారు, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్. ఏ వరసలో కావాలో ఆర్డర్ బైతో చెప్పకుండా తీసుకున్న జాబితాలు ఎస్‌క్యూలైట్‌లో చాలాసార్లు చేర్చిన వరసలోనే వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక రికార్డు దిద్దగానే అది వేరే చోటికి పోవచ్చు. "మొదటి స్లాబు ఇదే" అని రాసిన టెస్టు విరుగుతుంది. లాప్‌టాప్‌లో కూడా పోస్ట్‌గ్రెస్సే వాడండి.

రెండోది ఫైలు పేర్లు. విండోస్‌కు పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే, లైనక్స్‌కు కాదు. సర్వర్ మీద అప్పుడప్పుడు "టెంప్లేట్ దొరకలేదు" అని వచ్చి, పేరు మార్చి మళ్ళీ ఎక్కిస్తామన్నారు, అది ఇదే. పైప్‌లైన్ దీన్ని సర్వర్ దాకా పోనివ్వదు. అన్నకు చూపించాల్సిన మొదటి లాభం కూడా ఇదే.

మూడోది గడియారం. రన్నర్లు, అంటే టెస్టులు నడిపే గిట్‌హబ్ మెషీన్లు, యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రామాణిక సమయం) నడుస్తాయి. జాంగో సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్‌ను మొదట వచ్చినట్టు యూటీసీగానే వదిలేసి ఉంటే, మామూలు డేట్ టుడే విండోస్‌లో మన తేదీ ఇస్తుంది, లైనక్స్‌లో యూటీసీ తేదీ ఇస్తుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా ఆ రెండూ ఒక రోజు తేడా. లారీలు రాత్రి లోడయ్యే వ్యాపారంలో ఇది ఆషామాషీ కాదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి, గ్రానైట్ బ్లాకుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ రోజు తెల్లవారుజామున 2 గంటలకు కొట్టిన బిల్లు యూటీసీలో 21వ తేదీ రాత్రి 8:30. కోడు ఆ తేదీని నమ్మితే పాత రేటు పడుతుంది. సెట్టింగ్‌ను ఆసియా కోల్‌కతాకు మార్చండి. టైమ్‌జోన్ నౌ నుంచి నేరుగా తేదీ తీసే చోటల్లా లోకల్‌డేట్ వాడండి, ఎందుకంటే మొదటిది ఎక్కడ నడిపినా యూటీసీ తేదీయే ఇస్తుంది. సరిగ్గా ఆ క్షణానికి గడియారాన్ని బిగించి ఒక టెస్టు రాయండి.

ఇవి తీరాక కూడా ఒక్కోసారి పాసై, ఒక్కోసారి పోయే టెస్టులు మిగులుతాయి. మూడుసార్లు మళ్ళీ నడిపి పచ్చ చేసే ప్లగిన్లున్నాయి. వాడకండి, అవి నిజమైన తప్పును కూడా దాచేస్తాయి. అలాంటి టెస్టును అదేరోజు పక్కకు తీసి, ఎవరు చూస్తారో, ఏ తేదీ లోపలో పక్కనే రాయండి. ఆ తేదీ దాటితే తీసేయండి. ఎస్సెమ్మెస్ పంపే సర్వీసును నేరుగా పిలిచే టెస్టులుంటే అవీ తీసేయండి, నెట్ మందగించినప్పుడల్లా అవి ఎర్రబడతాయి. మెయిన్ బ్రాంచి (అందరి కోడు కలిసే ప్రధాన శాఖ) ఎర్రబడితే పావుగంటలో కారణం దొరకకపోతే ఆ కమిట్‌ను వెనక్కి తీయాలి, తీరిగ్గా వేరే బ్రాంచిలో చూసుకోవాలి. ఈ ఒక్క నియమం అందరూ ఒప్పుకుంటే తక్కినవి వాటంతటవే వస్తాయి.

టెస్టులు ఎన్ని? పది. అవేమిటో అన్నను అడగండి, ఆయనను ఒప్పించే దారి కూడా అదే. టెస్టులు రాయమని అడగకండి. "ఏ ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తోంది, చెప్పన్నా, దానికి నేను రాస్తా" అనండి. యార్డుల వాళ్ళతో ఫోన్లో మాట్లాడేది ఆయనే కదా, ఆయన దగ్గర జాబితా ఉంటుంది. నా అంచనా ప్రకారం అందులో ఇవి ఉంటాయి. 270 సెంటీమీటర్ల పొడవు, 150 వెడల్పు స్లాబు 43.59 చదరపు అడుగులు. పది స్లాబులు విడివిడిగా సవరించి కూడితే 435.90, మొత్తం కూడి సవరిస్తే 435.94. అడుగు 150 రూపాయలనుకుంటే బిల్లుకు 6 రూపాయల తేడా. యార్డుతో ఏది ఒప్పందమో అదే టెస్టులో రాయండి. పైథాన్ రౌండ్ ఫంక్షన్‌కు 2.675 ఇచ్చి రెండు దశాంశాలు అడిగితే 2.68 రాదు, 2.67 వస్తుంది. డబ్బు లెక్కలకు డెసిమల్ వాడి, సగం వస్తే పైకి అని స్పష్టంగా చెప్పాలి. చీమకుర్తి నుంచి చెన్నై పార్టీకి పోయే సరుకుకు ఐజీఎస్టీ, గుంటూరు పార్టీకైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. యార్డు పేరును నంబరు ముందు చేర్చే ఆఫీసులు ఆ 16ను తెలియకుండానే దాటేస్తుంటాయి.

అన్న అప్పటికీ వద్దంటే? ఆయనను వదిలి బాబాయి దగ్గరికి పోయి పైనుంచి చెప్పించడం ఒక దారి. పని అవుతుంది, కానీ మీరు వెళ్ళిన మర్నాడు దాన్ని ఆపగలిగేది ఆయనే. ఆయనను కలపకుండా పైప్‌లైన్‌ను ఊరికే ఫలితం చూపేలా నెలరోజులు వదిలేయడం ఇంకో దారి. ఎవరినీ ఆపదు. ఆ నెలలో అది నిజంగా పట్టుకున్న తప్పులు రెండు మూడు చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. బాబాయితో మాట్లాడాల్సి వస్తే మాత్రం ఇంట్లో అన్నం తినేటప్పుడు కాదు, ఆఫీసులో, మీ సెలవు తేదీలు రాసిన కాగితంతో మాట్లాడండి. ఇంట్లో అడిగితే మీరు కూతురు, ఆఫీసులో అడిగితే ఉద్యోగి. ఈ విషయం రెండోదే.

ఎవరి మెషీన్ అన్న ప్రశ్నకు వద్దాం. పాత కంప్యూటర్ మీద సెల్ఫ్ హోస్టెడ్ రన్నర్ పెడితే గిట్‌హబ్ నిమిషాల కోటాతో పని లేదు. రన్నరే బయటికి కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి స్థిరమైన ఐపీ కూడా అక్కర్లేదు. కానీ దాన్ని చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషి మీరే అయితే లాప్‌టాప్ బదులు ఇంకో పెట్టెకు కట్టుబడ్డట్టు. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే లేవాలంటే బయోస్‌లో ఆ సెట్టింగ్ పెట్టాలి, రన్నర్‌ను సర్వీస్‌గా ఇన్‌స్టాల్ చేయాలి. గిట్‌హబ్ మెషీన్లు ప్రతి జాబ్‌కూ కొత్తవి. మీ పెట్టెలో నిన్నటి ఫైళ్ళు ఇవాళా ఉంటాయి, డాకర్ ఇమేజ్‌లు డిస్కు నింపుతాయి, వారానికొకసారి శుభ్రం చేసే టైమర్ పెట్టాలి. అది ఆగిపోతే జాబ్‌లు వరసలో 24 గంటలు వేచి ఆ తర్వాత ఫెయిలవుతాయి. రిపో ఏనాడైనా పబ్లిక్ చేస్తే ఈ రన్నర్‌ను ముందే తీసేయాలి, లేకపోతే ఊరూపేరూ తెలియని వాళ్ళు పుల్ రిక్వెస్టులో పెట్టిన కోడు మీ ఆఫీసు నెట్‌వర్కులో నడవగలదు. 1500 నిమిషాల లెక్క సరిపోతున్నప్పుడు టెస్టులకు గిట్‌హబ్ మెషీన్లే మేలని నా అభిప్రాయం. పాత పెట్టెకు ఒకే ఒక్క బలమైన కారణం ఉంది: మీ సర్వర్ ఆఫీసు ఐపీ నుంచి మాత్రమే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) ఒప్పుకుంటే, ఎప్పుడూ మారే గిట్‌హబ్ ఐపీలకు తలుపు తెరవడం కంటే డిప్లాయ్ జాబ్ ఒక్కటే పాత పెట్టె మీద నడపడం మంచిది.

ఇంకో చిక్కు చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేటు రిపోకు బ్రాంచ్ ప్రొటెక్షన్ లేదు. పైప్‌లైన్ ఎర్రగా ఉన్నా ఎవరైనా మెయిన్‌లోకి నేరుగా పుష్ చేయవచ్చు. టీమ్ ప్లాన్‌లో అది వస్తుంది, మనిషికి నెలకు 4 డాలర్లు, మీ ఐదుగురికి 20. గిట్‌ల్యాబ్ ఉచిత ప్లాన్‌లో బ్రాంచ్ రక్షణ, పైప్‌లైన్ పాసైతేనే మెర్జ్ అనే నియమం రెండూ ఉన్నాయి, కానీ నెలకు 400 నిమిషాలే, ప్రైవేటు గ్రూపులో ఐదుగురికే చోటు. ఆరో మనిషిని చేర్చుకున్న రోజు సమస్య. అక్కడికి పోతే పాత కంప్యూటర్ రన్నర్ తప్పదు. మూడో దారి, డబ్బు పెట్టకుండా మాట మీద నడవడం. ఐదుగురిలో అది నడుస్తుంది, అయితే డిప్లాయ్ వర్క్‌ఫ్లో మొదట టెస్టులు నడిపి, పాసైతేనే ముందుకు పోయేలా కట్టాలి. అప్పుడు టెస్టులు దాటని కోడు మెయిన్‌లో పడినా సర్వర్ దాకా పోదు. మీ మూడు నెలలకు ఇది చాలు.

డిప్లాయ్ మీ అసలు అవసరం కనుక ఇక్కడ కొంచెం నిదానించండి. మెర్జ్ కాగానే దానంతటదే ఎక్కేలా కాకుండా, మనిషి బటన్ నొక్కితే ఎక్కేలా పెట్టండి. వర్క్‌ఫ్లో డిస్పాచ్ అంటారు, గిట్‌హబ్ పేజీలోనే బటన్ వస్తుంది. రిపోలో రాసే హక్కు ఉన్న ఎవరైనా నొక్కవచ్చు, ఎవరు ఎప్పుడు నొక్కారో నమోదవుతుంది. సర్వర్‌లో డిప్లాయ్ కోసమే ఒక యూజర్‌ను సృష్టించండి. ఆ యూజర్‌కు సూడో హక్కు (అడ్మిన్‌గా కమాండ్లు నడిపే అనుమతి) మీ సర్వీసును రీస్టార్ట్ చేయడానికి తప్ప దేనికీ ఇవ్వకండి. దానికి కొత్త ఎస్ఎస్‌హెచ్ కీ చేసి గిట్‌హబ్ సీక్రెట్స్‌లో ఉంచండి, మీ సొంత కీ పెట్టకండి. ఎన్విరాన్‌మెంట్ ఫైలు పొరపాటున ఎప్పుడైనా రిపోలో కమిట్ అయి ఉంటే, తర్వాత తీసేసినా చరిత్రలో ఉంటుంది. అందులోని పాస్‌వర్డులన్నీ మార్చడమే మందు. ఇతరులు రాసిన యాక్షన్లను (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ మెట్లు) ట్యాగ్ పేరుతో కాకుండా పూర్తి కమిట్ సంఖ్యతో పిలవండి. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వాళ్ళ చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌లోకి దుండగులు చొరబడి, పాత ట్యాగులన్నిటినీ తమ కోడుకు తిప్పారు. అది సీక్రెట్స్‌ను లాగ్‌లోకి గుమ్మరించింది. అసలు మీ పనికి గిట్‌హబ్ సొంత యాక్షన్లు రెండు మూడు మించి అవసరం లేదు.

సర్వర్‌లో ప్రతి రిలీజూ తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌లోకి పోవాలి. కరెంట్ అనే సింబాలిక్ లింకు వాటిలో ఒకదాన్ని చూపాలి. వెనక్కి పోవడమంటే లింకు మార్చి రీస్టార్ట్ చేయడమే, అర నిమిషం పని. చివరి ఐదు ఫోల్డర్లు ఉంచండి. ఎక్కించాక స్క్రిప్టు హెల్త్ పేజీని (సాఫ్ట్‌వేర్ బాగా నడుస్తోందో లేదో చెప్పే పేజీ) నాలుగైదు సెకన్ల ఎడంతో మూడుసార్లు పిలవాలి, జవాబు రాకపోతే లింకును తనే పాతదానికి తిప్పాలి. హెల్త్ పేజీ ఊరికే "సరే" అనకుండా డేటాబేస్‌ను ఒకసారి తాకాలి. వెనక్కి పోవడానికి రెండో బటన్ కూడా పెట్టండి.

లింకు మార్చినంత మాత్రాన డేటాబేస్ వెనక్కి పోదు. ఈ ఏర్పాటులో నిజంగా భయపడాల్సింది దీనికే. ఒక కాలమ్ పేరు మార్చిన మైగ్రేషన్ నడిచాక పాత కోడుకు తిరిగిపోతే, ఆ పాత కోడు పాత పేరునే వెతుకుతుంది, ప్రతి బిల్లూ ఆగిపోతుంది. కాబట్టి మార్పును రెండు రిలీజులుగా విడగొట్టాలి. మొదటిదాంట్లో కొత్త కాలమ్ చేర్చి, రెండింట్లోనూ రాయాలి. పాతదాన్ని ఎవరూ వాడటం లేదని తేలాక, ఇంకో రిలీజులో తీసేయాలి. కొత్త కాలమ్ ఖాళీని ఒప్పుకునేదై ఉండాలి, లేకపోతే పాత కోడు కొత్త వరస చేర్చలేకపోతుంది. మైగ్రేషన్‌కు ముందు పీజీ డంప్ (డేటాబేస్ పూర్తి కాపీ) తీసే మెట్టును డిప్లాయ్ స్క్రిప్టులోనే పెట్టండి. మీరు లేని నెలల్లో కాలమ్‌లు తీసేసే మైగ్రేషన్లు వద్దని ఆఫీసులో ముందే ఒప్పందం చేసుకోండి. కొత్తవి చేర్చుకోవచ్చు.

ఏడో నెల సగానికల్లా బటన్ పనిచేస్తూ ఉండాలి. ఆ తర్వాత రిలీజులు మీరు చేయకండి. అన్న ఒకసారి, మిగిలిన ముగ్గురిలో ఒకరు ఒకసారి నొక్కాలి, మీరు గదిలో ఉన్నా కీబోర్డు ముట్టుకోవద్దు. ఒకరోజు సాయంత్రం యార్డులకు ముందే చెప్పి, హెల్త్ పేజీ కావాలని విఫలమయ్యే వెర్షన్‌ను ఎక్కించమనండి. లింకు దానంతటదే వెనక్కి తిరిగిందా, లాగ్ ఎక్కడ చదవాలో వాళ్ళకు దొరికిందా చూడండి. ఈ పరీక్షలో బయటపడేవి చిన్నవే ఉంటాయి: మెయిలు మీకొక్కరికే పోవడం, సర్వర్ హోస్టింగ్ ఖాతా మీ ఫోను నంబరుకు ముడిపడి ఉండటం, డొమైన్ రెన్యూవల్ ఓటీపీ మీకే రావడం. చివరి రెండింటినీ బాబాయి నంబరుకు మార్పించండి. పైప్‌లైన్ ఎంత బాగున్నా ఓటీపీ కోసం ఫోను వస్తే వచ్చినట్టే.

ఒంట్లో బాగుండక సమయం తగ్గితే ఏవి వదలాలో కూడా చెబుతాను. టెస్టులు పది బదులు మూడు చాలు: స్లాబు కొలత, పన్ను తేదీ, ఇన్‌వాయిస్ నంబరు. లింటర్ వదిలేయండి. హెల్త్ చెక్ విఫలమైతే దానంతటదే తిరగడం వదిలేసి, చేత్తో నొక్కే వెనక్కి బటన్ ఉంచండి. డిప్లాయ్ యూజర్, వేరే కీ, పీజీ డంప్, ఇంకొకరి చేత చేయించిన రెండు రిలీజులు, ఈ నాలుగింటినీ మాత్రం వదలకండి. అవీ కుదరకపోతే మీరు వెళ్ళే ముందువారం స్థిరంగా నడుస్తున్న వెర్షన్‌ను అక్కడే ఆపి, మీరు తిరిగొచ్చేదాకా పన్ను రేట్లలాంటి తప్పనిసరి మార్పులే ఎక్కించాలని బాబాయి చేత రాయించుకోండి. ఆ రేట్లు కోడులో కాకుండా డేటాబేస్ పట్టికలో, ఏ తేదీ నుంచి అమలో అన్న కాలమ్‌తో ఉంటే, అప్పుడు రేటు మారినా రిలీజే అక్కర్లేదు, అడ్మిన్ పేజీలో ఒక వరస చేర్చితే సరిపోతుంది. మొదటి వారంలోనే చేయదగ్గ పని అది, అరపూట కూడా పట్టదు.